నగరపాలక సంస్థ సమాచార సేవ రివ్యూ: నీళ్ల సంగతి చెప్తుంది, నిర్ణయాల సంగతి చెప్పదు

మా నగరపాలక సంస్థ పౌరుల కోసం నడిపే సమాచార సేవ మీద ఈ రివ్యూ. యాప్, ఎస్సెమ్మెస్‌లు, వారం వారం వచ్చే ఈమెయిల్, వెబ్‌సైట్‌లో కౌన్సిల్ పేజీ, ఇవన్నీ ఒక్క రిజిస్ట్రేషన్‌తోనే వస్తాయి కాబట్టి అన్నిటినీ కలిపే చూస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. వేరే ఊళ్లలో ఉండే స్నేహితులతో మాట్లాడితే అక్కడా దాదాపు ఇదే పరిస్థితి, యాప్ పేరూ రంగూ తప్ప పెద్ద తేడా లేదు, అందుకని ఎవరి ఊరికి వాళ్లు అన్వయించుకోవచ్చు.

ముందు రేటింగ్ చెప్పేస్తాను: 5కి 3. నీళ్లు ఎప్పుడు ఆగుతాయి, చెత్త బండి ఎప్పుడొస్తుంది, ఏ రోడ్డు మూసేశారు, ఇలాంటివి చెప్పడంలో ఈ సేవ ఇదివరకటి కంటే ఎంతో మెరుగైంది. మన వీధినీ మన పన్ను డబ్బునీ తాకే నిర్ణయాలు ఎప్పుడు తీసుకోబోతున్నారో చెప్పడంలో మాత్రం దాదాపు ఏమీ చేయడం లేదు. నాకు ఎక్కువ కావలసింది ఆ రెండోదే. నీళ్లు రాకపోతే కుళాయి తిప్పగానే ఎలాగూ తెలుస్తుంది. కౌన్సిల్‌లో ఏం తీర్మానం పెడుతున్నారో ఎవరో ఒకరు చెప్తే తప్ప తెలియదు.

మంచి సంగతులతో మొదలుపెడతాను. ఇదివరకు నీటి సరఫరా ఆగేముందు వచ్చే మెసేజ్ ఇలా ఉండేది: "నిర్వహణ పనుల నిమిత్తం పలు ప్రాంతాల్లో నీటి సరఫరాకు అంతరాయం కలుగును. ప్రజలు సహకరించగలరు." చదివితే అన్నీ చెప్పినట్టే ఉంటుంది, పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. ఏ ప్రాంతాలు? ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? ట్యాంకర్ వస్తుందా, వస్తే ఎక్కడ నిలబెడతారు? పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఫోన్ చేత్తో పట్టుకుని మెట్లు దిగొచ్చి "బాబూ, ఇది మనకేనా, వెనక వీధి వాళ్లకా?" అని అడిగేవారు. నాకూ తెలిసేది కాదు. ఎందుకైనా మంచిదని ఉన్న బకెట్లన్నీ నింపుకుంటే ఆ రోజు నీళ్లు మామూలుగానే వచ్చేవి, ఇంకోసారి ఏముందిలే అని వదిలేస్తే సరిగ్గా ఆ రోజే ఆగిపోయేవి. ఇలా నాలుగుసార్లు జరిగితే మనుషులు ఆ మెసేజ్‌లు చదవడమే మానేస్తారు, మా బిల్డింగ్‌లో అదే జరిగింది.

ఇప్పుడు వచ్చేది ఇది: "బుధవారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు మీ వీధికి నీళ్లు రావు. మెయిన్ పైప్ మారుస్తున్నాం. ట్యాంకర్ 10 గంటలకు పార్కు గేటు దగ్గర." పెద్దావిడ కిందికి దిగాల్సిన పని లేకుండా పోయింది. అడ్రస్‌ని బట్టి పంపుతున్నారు కాబట్టి మనకు రాలేదంటే మనకు సంబంధం లేదని అర్థం, ఇది చాలా పెద్ద మార్పు. పని ఆలస్యమైతే కొత్త టైమ్ చెప్తూ రెండో మెసేజ్ వస్తుంది. అయిపోయాక మూడోది వస్తుంది, "నీళ్లు వదిలాం, మొదట కాసేపు రంగు మారి రావచ్చు, అవి పారబోసి తర్వాత పట్టుకోండి" అని. ఆ మూడో మెసేజ్ పెట్టాలని ఆఫీసులో ఎవరికి తట్టిందో గానీ వాళ్లకు నా నమస్కారం, ఎందుకంటే పని మొదలైందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, అయిపోయిందని చెప్పేవాళ్లు తక్కువ.

ఇక్కడ ఎస్సెమ్మెస్ లెక్క ఒకటి చెప్పాలి, ఇది తెలుగులో సమాచారం పంపే ఏ ఆఫీసుకైనా వర్తిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లాంటి లిపుల్లో రాస్తే 70 మాత్రమే. అది కూడా మనం అనుకునే అక్షరాలు కావు, గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ఒక్కోటీ విడిగా లెక్కకొస్తాయి. 'స్ట్రీ' అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, ఫోన్‌కి ఆరు. 70 దాటితే మెసేజ్‌ని ముక్కలు చేసి పంపుతారు, అప్పుడు ఒక్కో ముక్కలో 67 పడతాయి, పంపేవాళ్లకి ఒక్కో ముక్కకీ విడిగా ఖర్చు. అందుకే చాలాచోట్ల తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనో, ఇంగ్లిష్ లిపిలో రాసిన తెలుగులోనో పంపేస్తుంటారు. అది తప్పు పద్ధతి. మా దగ్గర ఏం చేశారో చూడండి: పైన రాసిన నీళ్ల మెసేజ్‌లో మొదటి వాక్యం 60 గుర్తుల్లో అయిపోయింది. రోజు, టైమ్, వీధి, రావన్న మాట, అంతా మొదటి 70లోనే ఉంది. మిగతా ముక్క ఆలస్యంగా వచ్చినా, లాక్ స్క్రీన్ మీద కనపడకపోయినా పని జరిగిపోతుంది. "గౌరవనీయులైన నగర ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టారనుకోండి, ఆ పలకరింపుకే మొదటి మెసేజ్‌లో సగం దాటిపోతుంది.

అయితే ప్రమాద హెచ్చరికలు కూడా ఈ రిజిస్ట్రేషన్ లిస్టు మీదే ఆధారపడటం నాకు నచ్చలేదు. భారీ వర్షమో, నీళ్లు ఎక్కి వస్తున్నాయనో చెప్పాల్సి వచ్చినప్పుడు రిజిస్టర్ చేసుకున్నవాళ్లకు మాత్రమే చెప్తే ఎలా? దీనికి సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దానికి ఎవరి నంబరూ అక్కర్లేదు, ఫలానా టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, లక్షల ఎస్సెమ్మెస్‌లు ఒక్కసారిగా పంపితే వచ్చే జామ్ ఉండదు. నెదర్లాండ్స్‌లో 2012 నుంచి వాడుతున్నారు, బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ 23న దేశమంతటా ఫోన్లు మోగించి పరీక్షించారు. ఇది నగరపాలక సంస్థ ఒక్కటే చేయగలిగే పని కాదు, ప్రభుత్వమూ టెలికాం కంపెనీలూ కలవాలి. కానీ మీ యాప్‌లో "అత్యవసర హెచ్చరికలు" అన్న బటన్ పెట్టినప్పుడు అది ఎవరికి చేరుతుందో, ఎవరికి చేరదో అదే పేజీలో రాయాలి. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లకూ, ఆసుపత్రిలో ఎవరికో తోడుగా ఉన్నవాళ్లకూ చేరదు.

ఇక ఫిర్యాదులు. ఇక్కడ ఒక స్టార్ పోయింది.

ఒకే నంబరుకి అన్ని ఫిర్యాదులూ అన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో బాల్టిమోర్ నగరం 1996లో 311 నంబరు మొదలుపెట్టింది. అత్యవసరం కాని కాల్స్ కూడా అక్కడి అత్యవసర నంబరు 911కి వెళ్లి పోలీసుల లైన్లు నిండిపోతుంటే వాటిని పక్కకి మళ్లించడానికి పెట్టారు. ఏ ఆఫీసు పని ఏదో జనానికి తెలియాల్సిన అవసరం లేదు, మాకు చెప్పండి, ఎవరికి పంపాలో మేం చూసుకుంటాం అనేది తర్వాత తర్వాత ఆ నంబరుకి ప్రాణమైంది. మా యాప్‌లో కూడా మాట అదే చెప్తారు. ఫొటో తీసి, మ్యాప్ మీద చుక్క పెట్టి పంపితే వెంటనే నంబరు వస్తుంది, అంతవరకూ చక్కగా ఉంది.

మా వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత ఒకటి కుంగింది. అంచు దగ్గర సిమెంట్ ఊడి, బండి చక్రం పడితే మూత ఒకవైపు పైకి లేచేది, రాత్రిపూట బైక్ మీద వచ్చేవాళ్లకి అది కనపడదు. ఫొటో పెట్టాను. "సంబంధిత విభాగానికి పంపబడింది" అని వచ్చింది. తర్వాత "ఫిర్యాదు పరిష్కరించబడింది, మీ సహకారానికి ధన్యవాదాలు" అని వచ్చింది. బయటికెళ్లి చూస్తే మూత అలాగే ఉంది, పక్కన ఎవరో వీధివాళ్లు చెట్టు కొమ్మ గుచ్చి దానికి ఎర్ర గుడ్డ కట్టారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి చాలా ఓపిగ్గా వివరించింది: "సార్, మీరు రోడ్డు సమస్య అని పెట్టారు. వెళ్లి చూసినవాళ్లు రోడ్ల విభాగం. మూత డ్రైనేజీ విభాగం కిందికి వస్తుంది కాబట్టి మా దగ్గర క్లోజ్ చేశారు. మీరు డ్రైనేజీ కింద మళ్లీ ఒకటి పెట్టండి." ఆ అమ్మాయి తప్పేం లేదు, ఉన్న పద్ధతి అది. కానీ ఆలోచించండి, మళ్లీ పెట్టాల్సింది నేనైతే ఒకే నంబరు ఎందుకు? పైగా "మాది కాదు" అని వదిలేసిన ఫిర్యాదు కూడా నెలాఖరు లెక్కల్లో పరిష్కారమైనవాటి పద్దులోకి వెళ్తుంది. వారం ఈమెయిల్‌లో ఇంత శాతం ఫిర్యాదులు పరిష్కరించాం అని వేస్తారే, ఆ శాతంలో మా మూత కూడా ఉందన్నమాట. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్ర గుడ్డే కనిపిస్తుంది.

దీనికి విరుగుడు ఇప్పటికే ఉంది. బ్రిటన్‌లో 2007లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్‌లో ఫిర్యాదు పెట్టగానే అది మ్యాప్ మీద అందరికీ కనిపిస్తుంది, స్థానిక కౌన్సిల్‌కీ వెళ్తుంది. నాలుగు వారాలయ్యాక ఫిర్యాదు పెట్టిన మనిషికే ఈమెయిల్ వచ్చి, సమస్య తీరిందా అని అడుగుతుంది. అయిందో లేదో చెప్పే మాట ఫిర్యాదుదారు చేతిలో కూడా ఉండటం ఎంత తేడానో చూడండి. అలాగే మన ఇంటి చుట్టుపక్కల ఎవరేం ఫిర్యాదు పెట్టినా మనకు ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు, అప్పుడు ఒకే గుంత గురించి పదిమంది పది ఫిర్యాదులు పెట్టే పని ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, కావాలంటే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. న్యూయార్క్ అయితే 2010 నుంచి వచ్చిన 311 ఫిర్యాదుల డేటా మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టింది, ఏ ఏరియాలో ఏ సమస్య ఎక్కువుందో ఎవరైనా లెక్క తీయొచ్చు. మా యాప్‌లో నా ఫిర్యాదు నాకు తప్ప పక్కింటివాళ్లకు కూడా కనపడదు. ఫోన్ నంబరూ పేరూ దాచాలి, సరే, గుంతని దాచడం ఎందుకు?

చెత్త బండి టైమ్, ఆస్తి పన్ను గడువు గుర్తుచేయడం, ట్రాఫిక్ మళ్లింపులు, ఇవన్నీ బాగున్నాయి, చెప్పుకోవాల్సినంత ఫిర్యాదు లేదు. యాప్ మొదటిసారి తెరవగానే ఫోన్‌లోని కాంటాక్ట్స్ చూసే పర్మిషన్ అడుగుతుంది, వద్దని నొక్కండి, అన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

వారం ఈమెయిల్ దగ్గరికొద్దాం. తెరవగానే ప్రారంభోత్సవం ఫొటో. కిందికి వెళ్తే ఇంకో ప్రారంభోత్సవం, తర్వాత అధికారుల తనిఖీ, తర్వాత అవగాహన ర్యాలీ, అన్నీ గడిచిన వారానివే. కొత్త లైబ్రరీ తెరిచారంటే నాకూ సంతోషమే, కానీ అది ఎన్నింటికి తీస్తారో, సభ్యత్వానికి ఏం తీసుకెళ్లాలో వార్తలో ఉండదు, రిబ్బన్ పట్టుకున్నవాళ్ల పేర్లు మాత్రం హోదాలతో సహా ఉంటాయి. అసలైన సరుకు అట్టడుగున ఉంటుంది, "రాబోయే వారం పనులు" అని ఒక చిన్న పట్టిక: ఏ వీధి తవ్వుతున్నారు, ఎక్కడ చెట్ల కొమ్మలు కొడుతున్నారు, టీకాల శిబిరం ఎక్కడ, ఎన్నింటికి. ఆ పట్టిక కోసమే ఈ ఈమెయిల్ ఆపేయకుండా ఉంచుకున్నాను. దాన్ని పైకి తీసుకురావడానికి బడ్జెట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, ఎడిట్ చేసే మనిషి అనుకుంటే చాలు. ఫొటోలు కింద ఉంటే పోయేదేమీ లేదు, కావలసినవాళ్లు కిందికి జరిపి చూసుకుంటారు.

ఇప్పుడు కౌన్సిల్ పేజీ. రెండో స్టార్ ఇక్కడ పోయింది, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే.

మా వీధి చివర పార్కు ఉంది. అందులో ఒక పక్క స్థలాన్ని పార్కింగ్‌కి ఇస్తూ కౌన్సిల్ తీర్మానం చేసింది. మాకు ఎప్పుడు తెలిసిందంటే, పొద్దున వాకింగ్‌కి వెళ్లినవాళ్లకి రేకులు పాతుతూ కూలీలు కనపడ్డప్పుడు. ఆఫీసుకి వెళ్లి అడిగితే, అభ్యంతరాలకు గడువు ఇచ్చామనీ నోటీసు బోర్డులో పెట్టామనీ వెబ్‌సైట్‌లో కూడా ఉందనీ చెప్పారు. నిజమే, ఉంది. అజెండా అని ఒక పీడీఎఫ్, కాగితాన్ని వంకరగా పెట్టి స్కాన్ చేసింది, అందులో ఒక అంశం: "ఇంజినీరింగ్ విభాగం వారి ప్రతిపాదన ఆమోదించు విషయమై." అంతే. ఏ పార్కు, ఎంత స్థలం, ఎవరికి, ఎన్నాళ్లకి, ఏమీ లేదు. అనుబంధం చూడమని ఉంది, అనుబంధం ఆ పీడీఎఫ్‌లో లేదు. అదే రోజుల్లో ఈ సేవ నుంచి నాకు చెత్త బండి గంట ఆలస్యమని మెసేజ్ వచ్చింది, రోడ్డు మళ్లింపు మెసేజ్ వచ్చింది, పండగ శుభాకాంక్షలు కూడా వచ్చాయి. అడ్రస్‌ని బట్టి వీధివీధికీ మెసేజ్ పంపగల వ్యవస్థ చేతిలో ఉండి, ఆ పార్కు చుట్టూ ఉన్న ఇళ్లకు ఒక్క మెసేజ్ పంపలేదు. పార్కింగ్ వద్దని వాదించేవాణ్ణో, ఒప్పుకునేవాణ్ణో అది వేరే మాట, మాట్లాడే అవకాశం గడువు లోపల రావాలి కదా.

దీనికి నియమాలు ఎలా ఉండొచ్చో చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అని 1953 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం మామూలు సమావేశానికి కనీసం 72 గంటల ముందు అజెండా బయటపెట్టాలి, ప్రతి అంశాన్నీ క్లుప్తంగా వివరించాలి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప అజెండాలో లేని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదు. ఒక్కో అంశానికి వివరణ సాధారణంగా 20 మాటలు దాటక్కర్లేదని కూడా అందులోనే ఉంది, అంటే అడుగుతున్నది పెద్ద వ్యాసమేం కాదు. "ఫలానా పార్కులో తూర్పు వైపు స్థలాన్ని వాహనాల పార్కింగ్‌కి లీజుకిచ్చే ప్రతిపాదన" అంటే తొమ్మిది మాటల్లో అయిపోయింది. మన సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ కూడా ఎవరూ అడగకముందే ప్రభుత్వ సంస్థలు తమంతట తాము సమాచారం వెల్లడించాలని చెప్తుంది, ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వివరాలన్నీ ప్రచురించాలని కూడా అంటుంది. కాబట్టి ఇది దయ తలచి చేసే పని కాదు.

చట్టం ఉంటే చాలా అంటే, చాలదు. అదే కాలిఫోర్నియాలో బెల్ అని చిన్న పేద నగరం ఉంది, అప్పట్లో జనాభా సుమారు 35 వేలు. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక బయటపెట్టేదాకా అక్కడి సిటీ మేనేజర్, అంటే మన కమిషనర్ లాంటి అధికారి, ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని ఊళ్లోవాళ్లకు తెలియదు. పార్ట్‌టైమ్ కౌన్సిల్ సభ్యులు కొందరు లక్ష డాలర్ల దగ్గర తీసుకుంటున్నారు. ఆ కథనాలకు తర్వాతి ఏడాది పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి వచ్చింది, ఆ మేనేజర్‌కి 2014లో 12 ఏళ్ల జైలు శిక్ష పడింది. అక్కడ సమావేశాలు జరగలేదా అంటే జరిగాయి. వెళ్లి కూర్చుని, విని, నలుగురికీ అర్థమయ్యేలా రాసేవాళ్లు లేరు. అమెరికాలో 1996 నుంచి 2015 మధ్య స్థానిక పత్రికలు మూతపడ్డ ప్రాంతాల మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనంలో తేలిందేమంటే, పత్రిక పోయాక ఆ ప్రాంతపు స్థానిక సంస్థలు తెచ్చుకునే అప్పుల మీద వడ్డీ రేటు 0.05 నుంచి 0.11 శాతం పాయింట్ల దాకా పెరిగింది. చూడ్డానికి చిన్న అంకే గానీ పెద్ద అప్పుల మీద, ఏళ్ల తరబడి. గమనించేవాళ్లు లేని ఊరికి అప్పిచ్చేవాడు కూడా కాస్త భయపడతాడు, ఆ భయం ఖరీదు పన్ను కట్టేవాళ్ల మీద పడుతుంది.

అందుకే సమావేశం లైవ్ పెట్టడం మంచి పనే గానీ అది సరిపోదు అంటాను. మా కౌన్సిల్ లైవ్ వీడియో గంటల తరబడి ఉంటుంది, ఏ అంశం ఎక్కడ వస్తుందో గుర్తు ఉండదు, మైకులో ఒకరి మాట వినపడితే ఇంకొకరిది వినపడదు. మా కాలనీ గ్రూపులో రిటైరైన మాస్టారు ఒకాయన అదంతా ఓపిగ్గా చూసి, ఫలానా నిమిషం దగ్గర మన డ్రైనేజీ సంగతి, ఫలానా నిమిషం దగ్గర బడ్జెట్ అని రాసి పెడుతున్నారు. "నాకున్న పని ఇదే కదయ్యా" అంటారు. ఆయన రాసే ఆ పది లైన్లు మొత్తం ఈ సేవలో నేను చదివేవాటన్నిటికంటే విలువైనవి. సంస్థలో ఒక ఉద్యోగికి ఆ బాధ్యత అప్పగిస్తే ఊరంతటికీ అందుతాయి.

గ్రూపుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. అధికారిక సమాచారం ఆలస్యమైన ప్రతిసారీ ఆ ఖాళీని ఫార్వర్డ్‌లు నింపుతాయి. "రేపటి నుంచి మూడు రోజులు నీళ్లు బంద్" అని ఒకటి తిరుగుతుంది, ఏ ఊరిదో, ఏ ఏడాదిదో తెలియదు, "రేపు" అన్న మాట ఎప్పటికీ పాతబడదు. అందరికీ టెన్షన్. మా సంస్థ ఈ మధ్య చేసిన మంచి పని ఏమిటంటే ప్రతి ప్రకటన మీదా తేదీ, ఒక నంబరు వేస్తున్నారు, ఆ నంబరు యాప్‌లో కొడితే అసలు ప్రకటన వస్తుంది, రాకపోతే అది వీళ్లది కాదని తేలిపోతుంది. గ్రూపులో ఎవరైనా ఏదైనా పెట్టగానే "నంబరేది?" అని అడగడం మా దగ్గర అలవాటైపోయింది. ఇది ఎవరైనా కాపీ కొట్టదగ్గ ఆలోచన.

ఎవరికి చేరడం లేదు అన్నది ఇంకో పెద్ద విషయం. రిజిస్ట్రేషన్‌కి ఆస్తి పన్ను నంబరు అడుగుతారు. అది ఇంటి ఓనర్ దగ్గర ఉంటుంది. అద్దెకుండేవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, అడిగినా "అది మీకెందుకండీ" అనే ఓనర్లు ఉన్నారు, ఒక్కో నంబరుకి ఒక్క ఫోనే అన్న నిబంధన వల్ల ఇచ్చినా కుదరదు. ఓనర్ ఎక్కడో వేరే ఊళ్లో ఉంటాడు, మా వీధి నీళ్ల మెసేజ్ అతనికి వెళ్తుంది, నీళ్లు పట్టుకోవాల్సిన మనిషికి రాదు. సమాచారం ఇవ్వడానికి నేను ఎవరో రుజువు చేసుకోవాల్సిన పనేముంది, ఏ వీధో చెప్తే చాలదా? పన్ను కట్టడానికి నంబరు అడగండి, వార్త చెప్పడానికి వద్దు.

స్కాన్ పీడీఎఫ్‌ల గురించి కూడా గట్టిగా చెప్పాలి. చూపు లేనివాళ్లు ఫోన్‌లో స్క్రీన్ రీడర్ వాడతారు, అది అక్షరాలను చదివి వినిపిస్తుంది. స్కాన్ చేసిన కాగితం దానికి ఉత్త బొమ్మ. కొన్ని పీడీఎఫ్‌లు టైప్ చేసినవే గానీ యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తుపట్టే పద్ధతి) రాకముందు నాటి ఫాంట్లతో చేశారు, కంటికి తెలుగులా కనిపిస్తాయి, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, మన వీధి పేరు వెతికితే దొరకదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఎలా ఉండాలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ రాసిన మార్గదర్శకాలు 2008 నుంచి రెండో వెర్షన్‌లో ఉన్నాయి, ఎక్కడా రహస్యం లేదు. అదే అజెండాని మామూలు వెబ్ పేజీగా యూనికోడ్‌లో పెడితే చూపు లేనివాళ్లకూ, చిన్న ఫోన్ ఉన్నవాళ్లకూ, వెతుక్కునేవాళ్లకూ ఒకేసారి పని అయిపోతుంది. ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని కంప్యూటర్‌లో టైప్ చేసి, ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, మళ్లీ స్కాన్ చేస్తున్నారు. ఆ మొదటి ఫైలే పెట్టండి, సంతకం ఉన్న కాపీ పక్కన ఉంచండి.

జనం మాట వినడం వల్ల పనులు ఆగిపోతాయని అధికారులు భయపడటం నేను విన్నాను. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రి నగరం 1989లో బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఏ పనులకు ఖర్చు పెట్టాలో వీధివీధినా సభలు పెట్టి జనాన్నే తేల్చమంది, తర్వాత ఆ పద్ధతి ప్రపంచంలో ఎన్నో నగరాలకు పాకింది. నేను అంత కూడా అడగడం లేదు. వారం ముందు, 20 మాటల్లో, మా వీధి పేరుతో చెప్పమంటున్నాను.

వాడదలచుకున్నవాళ్లకి: రిజిస్టర్ చేసుకోండి, 3 స్టార్లే అయినా లేనిదానికంటే ఎంతో మేలు. భాష తెలుగుకి మార్చండి, ఎందుకంటే మొదట ఇంగ్లిష్‌లో ఉంటుంది. నోటిఫికేషన్లలో "కార్యక్రమాలు", "శుభాకాంక్షలు" ఆపేసి నీళ్లు, రోడ్లు, అత్యవసరం మూడూ ఉంచుకుంటే ఫోన్ అస్తమానం మోగదు, మోగినప్పుడు తప్పకుండా చూస్తారు. ఫిర్యాదు పెట్టేముందు అది ఏ విభాగానిదో హెల్ప్‌లైన్‌లో ఒకసారి అడిగి పెట్టండి, మూతలూ కాలువలూ డ్రైనేజీ కిందికి, గుంతలు రోడ్ల కిందికి. పరిష్కరించామని మెసేజ్ వస్తే వెళ్లి చూడండి, కాకపోతే ఏడు రోజుల్లోపు "మళ్లీ తెరువు" అని ఒక బటన్ ఉంటుంది, వివరాల పేజీలో బాగా కింద, బూడిద రంగులో. కౌన్సిల్ అజెండాకి అలర్ట్ లేదు కాబట్టి ఆ పేజీని మీరే తెరిచి చూసుకోవాలి, మా దగ్గర సమావేశాలు ఎక్కువగా నెలాఖరు వారంలో ఉంటాయి. అజెండా అలర్ట్ పెట్టమని సూచనల పేజీలో రాశాను, మీరూ రాయండి, ఒకే సూచన ఎక్కువమంది నుంచి వస్తే అది పై వరుసలోకి వస్తుందని హెల్ప్‌లైన్ అమ్మాయే చెప్పింది.